పరిమళపురంలో మిగిలిన ఒక్క ముక్కు

చెరువుగట్టు మలుపు తిరగగానే పెళ్ళిచూపులకి వస్తున్న కారు అద్దాలన్నీ పైకి లేచాయి. మేడమీంచి చూస్తున్న సువర్చలకి సిగ్గు కూడా వేయలేదు. ఊరి పేరు పరిమళపురం అని మార్చుకున్నవాళ్ళు చెరువులో నీళ్ళు మాత్రం మార్చలేదు గదా, అనుకుంది.

మందుల ఫ్యాక్టరీలు వదిలే మురుగంతా ఆ చెరువులోకే. దాన్ని బాగుచేయించడం కన్నా జనం ముక్కుల్ని బాగుచేయించడం తేలికని ఫ్యాక్టరీ యజమానులకి తోచింది. ఆ ఘనకార్యం చేసిపెట్టినవాడు సువర్చల తండ్రి డాక్టర్ కామేశం. ఆయన చుక్కలు ముక్కులో వేసుకుంటే మల్లెపూల వాసన వస్తుంది, కుళ్ళు వాసన రాదు. ఊరంతా వేసుకుంది. గట్టుమీద ఇళ్ళ స్థలాలకి గిరాకీ పెరిగింది.

వేసుకోనిది సువర్చల ఒక్కతే. ల్యాబ్‌లో ప్రతి బ్యాచ్‌నీ పరీక్షించేటప్పుడు గదిలోకి కుళ్ళు వాయువు వదులుతారు. మందు వేసుకున్నవాళ్ళు వాసన లేదనాలి. నిజంగానే వాసన ఉందని చెప్పడానికి మందు తగలని ముక్కు ఒకటుండాలి. దాన్ని కంట్రోల్ అంటారు. జీతమిస్తామన్నా ఆ పనికి ఎవరూ నిలవలేదు. తల్లిలేని కూతురు ఇంట్లోనే ఉంది గదా, కామేశం ఆమెను కూర్చోబెట్టాడు.

ఈ సంబంధం కుదిరితే ఆమె ఈ ఊరు దాటుతుంది. దేవుణ్ణి ఆమె వేరే ఏమీ అడగలేదు.

రావులపాలెం నుంచి వచ్చింది ఇద్దరే, పెళ్ళికొడుకు ఉదయభాస్కర్, అతని నాయనమ్మ సీతారావమ్మ. ఆవిడ ముక్కుమీది కొంగు తీయకుండానే సోఫాలో కూర్చుంది.

"అలవాటు లేక అలా ఉంటుంది లెండి" అన్నాడు కామేశం. "రెండు చుక్కలు వేయించుకుంటే హాయిగా ఉంటారు."

"అదేం మందు బాబూ?"

ఆ ప్రశ్న కోసమే ఆయన బతుకుతున్నాడు. "ముక్కులో ఉండే సెల్ ఒక బస్సు అనుకోండి పెద్దమ్మగారూ. దాని పైరేకు మెంబ్రేన్. ఆ రేకులో బయటికి సగం, లోపలికి సగం ఉండేలా బిగించిన సీటు ఒకటుంటుంది. అదొక ప్రోటీను, రిసెప్టర్ అంటాం. వాసన మాలిక్యూల్ వచ్చి ఆ సీట్లో కూర్చుంటే లోపలికి కబురెళ్ళి మనకి వాసన తెలుస్తుంది. జనం కిటికీలోంచి జేబురుమాలు వేసి సీటు ఆపుకుంటారు చూశారూ, మా మందు ఆ జేబురుమాలన్నమాట. కుళ్ళు వాసనకి సీటు దొరకదు."

"దొరక్కపోతే దిగి వెళ్ళిపోతుందా, నిలబడి వస్తుందా?"

కామేశం నవ్వాడు. ప్రశ్న అర్థమైన నవ్వు కాదది. నవ్వుతూనే పెరుగావడల పళ్ళెం ఆవిడ ముందుకి జరిపి, తనూ ఒకటి నోట్లో వేసుకున్నాడు.

"అవి తినకండి మామ్మగారూ" అంది సువర్చల. "పాడైపోయాయి."

"నిక్షేపంలా ఉన్నాయి" అన్నాడు కామేశం, ఇంకోటి తీసుకుంటూ.

సీతారావమ్మ పళ్ళెం పక్కన పెట్టేసింది. "నీకు తెలుస్తోందా అమ్మాయీ?"

"తెలుస్తోందండీ. నాకు మందు వేయలేదు."

ఆవిడ మనవడి వంక చూసింది. అతను తలూపాడు. "పిల్ల మాకు నచ్చింది డాక్టరుగారూ. ఇంకేం అక్కర్లేదు" అంది ఆవిడ.

"సంతోషం" అన్నాడు కామేశం. "అయితే అమ్మాయి ఊరు కదలడానికి వీల్లేదు. కంట్రోల్ లేకుండా బ్యాచ్ బయటికి పోదు. అల్లుడికి గట్టుమీద ఫ్లాట్ రాసిస్తాను, చెరువుకి ఎదురుగా."

"నేను ఇల్లరికం రానండి" అన్నాడు ఉదయభాస్కర్.

"అయితే వద్దు లెండి" అన్నాడు కామేశం, పాత మిషనుకి వచ్చిన బేరం వదులుకున్నంత తేలిగ్గా.

సువర్చల ఆయన్ని తేరిపార చూసింది. కోపం తెచ్చుకోవడానికైనా ఎదుట మనిషంటూ ఉండాలి. అలమరలోంచి శాంపిల్ సీసా తీసి, తల వెనక్కి వాల్చి, రెండు ముక్కుల్లోనూ చుక్కలు వేసుకుంది.

"ఏం చేశావే! రేపు బ్యాచ్ ఉంది!"

"ఇంటిల్లిపాదీ వేసుకోవచ్చని సీసామీద మీరే గదా నాన్నగారూ వేయించారు" అంది. తర్వాత సీతారావమ్మ వైపు తిరిగింది. "ముక్కులో కొత్త సెల్స్ పుట్టేదాకా నాకూ కుళ్ళు వాసన తెలీదండీ. అందాకా నన్ను వంటింట్లోకి రానివ్వకండి."

"వంట నేను చూసుకుంటాలే తల్లీ" అంది ఆవిడ లేస్తూ. "ముహూర్తం మా ఊళ్ళోనే పెట్టిస్తాను. మా పురోహితుడు ఇక్కడ నోరు విప్పి మంత్రం చదవగలడని నాకు నమ్మకం లేదు."

పెళ్ళయిపోయింది. ఫ్యాక్టరీవాళ్ళు కొత్త ముక్కు కోసం ప్రకటన ఇచ్చారు. వచ్చినవాళ్ళు వచ్చినట్టే మలుపు దగ్గర్నుంచి వెనుదిరిగారు. బ్యాచ్‌లు ఆగిపోయాయి. చివరికి యజమానులు కామేశాన్నే చుక్కలు మానేయమన్నారు. కంట్రోల్ కుర్చీలో ఆయనే కూర్చోవాలి. మానేశాడు. పాత సెల్స్ రాలి కొత్తవి పుట్టాక, ఒకరోజు రావులపాలేనికి ఫోన్ చేశాడు.

"అమ్మాయ్, చెరువు కంపు కొడుతోందే."

"అలాగా నాన్నగారూ."

"అన్నం సహించడం లేదు. కిటికీ తీస్తే కళ్ళు తిరుగుతున్నాయి. అసలిది ఎన్నాళ్ళనుంచి ఇలా ఉంది?"

తన ప్రకటనని తానే నమ్మిన మనిషి. నిజంగానే అడుగుతున్నాడు.

"మీరు మందు కనిపెట్టకముందునుంచీ" అని చెప్పి, సువర్చల ఫోన్ పెట్టేసింది.