నాన్నగారి వాదన

ఏలూరులో డిగ్రీ రెండో సంవత్సరం ఇంగ్లీషు క్లాసు. లెక్చరర్ చంద్రకళ బోర్డు మీద 'కాలేజీ చదువు వల్ల లాభమేంటి?' అని రాసింది. ఒకరు మాట్లాడాలి. ఇంకొకరు ఆ వాదనను క్లుప్తంగా చెప్పి, తర్వాత జవాబివ్వాలి.

శ్రీదుర్గ లేచింది. దెందులూరు అమ్మాయి, ఎప్పుడూ వెనక బెంచీ.

"డిగ్రీ ఉద్యోగం ఇస్తుందన్న నమ్మకం లేదు. ఇంట్లో ఉన్న పని మీద ఇష్టం మాత్రం పోగొడుతుంది. మూడేళ్ళయ్యాక ఎటూ కాకుండా మిగిలిపోతాం."

జవాబు చెప్పాల్సింది తాడేపల్లిగూడెం నుంచి రోజూ రైల్లో వచ్చే భానుప్రకాష్. క్లాసును నవ్వించడం అతనికి అలవాటు.

"ఈవిడ చెప్పేదేంటంటే మేడమ్, మనందరం కాలేజీ మానేసి గేదెలు కాసుకోవాలి."

క్లాసంతా నవ్వింది.

"నేనలా అనలేదండి," అని శ్రీదుర్గ కూర్చుండిపోయింది.

"ఆ అమ్మాయి అన్నది చెప్పమన్నాను భానూ. నువ్వు జవాబివ్వడానికి సులువైనది చెప్పావు," అంది చంద్రకళ.

సాయంత్రం బస్టాండులో వాన. శ్రీదుర్గ గొడుగు మరిచిపోయి షెడ్డు కింద నిలబడింది. స్టేషన్‌కి వెళ్ళాల్సిన భానుప్రకాష్ ఆమెను వెతుక్కుంటూ సగం తడిసి వచ్చాడు.

"సారీ అండీ. నిజంగా కాలేజీ దండగని మీ ఉద్దేశమా?"

"నాది కాదండీ, మా నాన్నగారిది. ఈ ఏడాదితో మానేయమంటున్నారు. నాకు జవాబు తోచక క్లాసులో చెప్పాను. ఎవరైనా మంచి జవాబిస్తారనుకున్నాను. మీరు నవ్వించారు."

అతని మొహం చిన్నబోయింది. "మీ నాన్నగారు ఏమన్నారో మొత్తం చెప్పండి. ఈసారి వింటాను."

శ్రీదుర్గ బీకాం చదివిన అన్నయ్య గురించి చెప్పింది. ఉద్యోగం రాలేదు. చేలోకి రమ్మంటే స్నేహితులు చూస్తారంటాడు. ఇంట్లోనే ఉన్నా నాన్నతో మాట్లాడడు.

భానుప్రకాష్ ఆలోచించి మెల్లగా అన్నాడు. "అయితే ఆయన చదువు వద్దనడం లేదండీ. చదివితే కొడుకు దూరమయ్యాడు, మీరూ దూరమవుతారేమోనని భయపడుతున్నారు. అంతేనా?"

శ్రీదుర్గ అతని వైపు చూసింది. ఇంట్లో అన్నిసార్లు విన్నా ఆ మాట ఆమెకు తట్టలేదు.

మర్నాడు నాన్న జగ్గారావు చేలోంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే ఆమె దగ్గరకెళ్ళింది.

"నేనూ అన్నయ్యలా అయిపోతానని భయమా నాన్నా?"

ఆయన చెంబు కింద పెట్టాడు. "మరి కాదా? వాడు నా పక్కన కూర్చుని ఎన్నాళ్ళయిందో."

"సిగ్గు కాలేజీ నేర్పలేదు నాన్నా. ఉద్యోగం రాకపోతే ఊరంతా పనికిరానివాడంది. మనమూ అన్నాం. నేను చదువుతాను. ఉద్యోగం రాకపోతే మీతో చేలోకొస్తాను. అప్పుడు నన్ను మాత్రం అలా చూడకండి."

తలుపు దగ్గర తల్లి జ్ఞానప్రసూనాంబ కొంగుతో కళ్ళొత్తుకుంది. జగ్గారావు వెళ్ళి అరుగు మీదున్న కొడుకు పక్కన కూర్చున్నాడు. ఏం మాట్లాడాలో తెలియక, "వాన పడేలా ఉందిరా," అన్నాడు. "అవును నాన్నా," అన్నాడు కొడుకు.

రాత్రి భోజనాల దగ్గర జగ్గారావు అన్నాడు. "చదువుకో. ఇంతకీ ఈ మాటలన్నీ ఎవరు నేర్పారే?"

"నా మాటలు నావే నాన్నా. మీ మాట నాకు అర్థమయ్యేలా చెప్పింది మాత్రం భానుప్రకాష్ గారని, మా క్లాసు."

జ్ఞానప్రసూనాంబ నవ్వాపుకుంది. "ఓసారి రమ్మను," అన్నాడు జగ్గారావు.

ఆదివారం భానుప్రకాష్ ఇస్త్రీ చొక్కాతో వచ్చి, కుర్చీ అంచున కూర్చున్నాడు.

"డిగ్రీ అయ్యాక ఏం చేద్దామని బాబూ?"

"ఇంకా తెలియదండీ."

జగ్గారావు గట్టిగా నవ్వాడు. "నిజం చెప్పావయ్యా. భోంచేసి వెళ్ళు."

భోజనం అయ్యాక బస్సు దాకా సాగనంపడానికి శ్రీదుర్గ వచ్చింది.

"తెలియదని చెప్పేశారేంటండీ?"

"నిజంగానే తెలియదండీ. ఒక్కటి మాత్రం తెలుసు. కాలేజీ అయిపోయాక కూడా మిమ్మల్ని రోజూ చూడాలని ఉంది."

ఆమె రోడ్డు వైపు తిరిగింది. "బస్సొచ్చింది, ఎక్కండి."

అతను ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాడు. బస్సు కదులుతుంటే ఆమె రెండడుగులు ముందుకేసి, కిటికీ దగ్గరగా అంది.

"నాకూనండీ."