రాజకుమారి గారేనా?

మా ఇల్లు అశోక్ నగర్‌లో, చిక్కడపల్లి లైబ్రరీ వెనక సందులో. సందు నిండా హాస్టళ్లు, కోచింగ్ సెంటర్లు, చాయ్ బండ్లు. మా ఇంటికి బోర్డు లేదు. అయినా సాయంత్రమైతే నలుగురైదుగురు ఆడపిల్లలు వాకిట్లో చెప్పులు విడిచి లోపలికి వస్తారు. మా చెల్లెలి కూతురు ఉదయశ్రీ చాలా ఏళ్లు గల్ఫ్‌లో నర్సుగా చేసి వచ్చింది. ఇప్పుడు అక్కడికి పోవాలనుకునే నర్సు పిల్లలను లైసెన్స్ పరీక్షకు తయారు చేస్తుంది.

ఆ పిల్లలకు పేషంటును నేను.

పరీక్షంతా కంప్యూటర్ మీదే. కానీ చేత్తో చేసిందే తలలో నిలుస్తుందని ఉదయశ్రీ నమ్మకం. అందుకని ముందుగదిలో ఇనుప మంచం వేసి నన్ను పడుకోబెడుతుంది. రోజుకో పేరు, రోజుకో రోగం. ఒకనాడు షుగరున్న దుర్గమ్మను. ఇంకోనాడు తుంటి విరిగిన మొగిలయ్యను. మొగిలయ్యనైన రోజు పిల్లలు నన్ను తాతా అని పిలిచి, మీసాలు ఎప్పుడు తీసేసినవని ఏడిపించారు.

ఉదయశ్రీకి ఒక పట్టింపు ఉంది. పేషంటును ముట్టుకునే ముందు పేరు అడగాలి. అదీ ఒక పద్ధతిలోనే అడగాలి.

"దుర్గమ్మ గారేనా అని అడిగినవనుకో, మతి తప్పిన మనిషి అవుననే అంటది. ఒకరి సూది ఇంకొకరికి పడతది. మీ పేరేందమ్మా అనాలె. పేరు ఆమె నోట్లకెల్లి రావాలె."

మతి తప్పిన మనిషి అన్నప్పుడు ఆమె నావైపు చూడదు. కావాలనే చూడటం లేదని నాకు తెలుస్తూనే ఉంటుంది.

ఏడో తరగతితో నా బడి ఆగింది. తర్వాత చదివిందంతా ఆ లైబ్రరీ పుస్తకాలతోనే. ఇప్పుడు చదివిన పేజీనే మళ్లీ చదువుతున్నాను. మొన్న నారాయణగూడ చౌరస్తాలో ఇల్లు ఏ దిక్కో తోచక నిలబడిపోతే, చెరుకురసం బండి పీరయ్య తీసుకొచ్చి దింపాడు. ఆ రాత్రి అన్నం తింటూ ఉదయశ్రీ నెమ్మదిగా చెప్పింది. గురువారం మతిమరుపు డాక్టర్ దగ్గరికి పోతామట. ఆయన అడిగినవాటికి సరిగ్గా చెప్పకపోతే, చూసుకునే మనుషులున్న ఆశ్రమంలో నన్ను పెట్టాల్సి వస్తుందట. ఇంట్లో పెట్టి తాళం వేయడం తన వల్ల కాదంది. నేను తలూపాను. అప్పటినుంచి నాకు ఒకటే ధ్యాస. మరిచిపోయినట్టు ఎవరికీ దొరకకూడదు.

గురువారం ఇంకా రాకముందే ఒక సాయంత్రం వాన పట్టుకుంది. ఉదయశ్రీ ప్రశ్నల కాగితాలు జిరాక్స్ తీయించడానికి పోయింది. పిల్లలు వచ్చే వేళైందని నేనే మంచమెక్కి, దుప్పటి కప్పుకుని పడుకున్నాను. తడిసిన గోడల వాసన. మంచం ఇనుము వాసన. కిటికీ రేకు మీద చినుకుల చప్పుడు.

కరెంటు పోయింది.

కరెంటు పోతే సందులో హాస్టళ్లన్నీ ఒక్కసారిగా అరుస్తాయి. ఆ రోజు ఎవరూ అరవలేదు. చినుకుల చప్పుడు కూడా ఆగిపోయింది. బయట వాన మాత్రం పడుతూనే ఉంది... చప్పుడు లేకుండా.

మంచం పక్కన ఒక పిల్ల నిలబడి ఉంది.

మా పిల్లలు చుడీదార్లలో వస్తారు. ఈ పిల్ల తెల్ల యూనిఫాంలో ఉంది. వానలో వచ్చి కూడా తడవలేదు. స్పిరిట్ వాసన. దాని అడుగున ఇంకేదో... చాలా రోజులు నీళ్లలో నానిన దూది వాసన.

"రాజకుమారి గారేనా?" గుసగుసగా అడిగింది.

ఇట్లా అడిగితే ఉదయశ్రీ తిడుతుందని మొదట తోచింది. ఆ వెంటనే ఇంకో అనుమానం వచ్చింది. ఇవాళ్టి పేరు అదేనేమో. పొద్దున ఉదయ చెప్పే ఉంటుంది. నేనే మరిచిపోయాను. కాదంటే ఈ పిల్ల పోయి ఆమెకు చెబుతుంది...

"అవును," అన్నాను.

ఆ పిల్ల దుప్పటి పక్కకు తీసింది. నా కాలి వేళ్ల మీద దూదితో రాసింది.

"తెలుస్తున్నదా?"

"లేదు."

నటన కాదు. నిజంగానే తెలియలేదు. దూది మోకాళ్ల దాకా వచ్చింది. తెలియలేదు. నడుము. తెలియలేదు. కళ్లతో చూస్తున్నాను కాబట్టి అది నా ఒళ్లే అనుకుంటున్నాను. భయపడాలని నాకు తెలుసు. కానీ ఆ భయం ఎక్కడో పక్కింట్లో ఎవరికో వేస్తున్నట్టుంది.

"ఉదయ వస్తది ఇప్పుడు," గొణిగాను.

ఆ పిల్ల నా చెవి దగ్గరికి వంగింది. ఊపిరి తగల్లేదు.

"ఆమె వేదవతి గారి మనిషి. మీవాళ్లు వేరే. వాళ్లకు చెప్పిన... వస్తున్నరు."

నేనే వేదవతిని. ఆ ఒక్క మాట అనాలి. నోరు తెరిచాను...

కరెంటు వచ్చింది. గదిలో ఎవరూ లేరు. ఉదయశ్రీ గడపలో గొడుగు దులుపుతోంది. వెనకాల పిల్లలు వాన గురించి నవ్వుకుంటూ వచ్చారు. పుస్తకాలు తీయకముందే ఉదయశ్రీ వాళ్లకు చెప్పింది.

"ఇయ్యాల వేరే పేరు పెట్టలే. పెద్దమ్మ పెద్దమ్మనే. గురువారం డాక్టర్ ఏమడుగుతడో గవ్వే అడుగుండ్రి. ఆమెకు జర అలవాటైతది."

అంటే నేను ఏమీ మరిచిపోలేదు.

పాలమూరు నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్న భాగ్యశ్రీ ముందుకొచ్చింది. బాగా చదివే పిల్ల. పద్ధతి ప్రకారమే అడిగింది.

"మీ పేరేందమ్మా?"

"రాజకుమారి," అన్నాను.

ఎవరో కిసుక్కున నవ్వారు. భాగ్యశ్రీ మళ్లీ అడిగింది. నా పేరు నాలుక చివరనే ఉంది. దాన్ని బయటికి తోశాను. మళ్లీ అదే వచ్చింది.

ఉదయశ్రీ నావైపు చూసింది. ఈసారి చూపు తిప్పుకోలేదు. పరాయి మనిషిని చూసినట్టు, మర్యాదగా చూసింది.

బయట ఆటో ఆగింది. యాభై ఏళ్ల మనిషి దిగి, గుమ్మం బయటే నిలబడి, తన పేరు బాలకిషన్ అని చెప్పాడు. చేతిలో ముతక శాలువా ఉంది. అమ్మను తీస్కపోనీకి వచ్చిన అన్నాడు. ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఉదయశ్రీ నా మోచేయి పట్టుకుని మంచం దింపి, నడిపించుకుంటూ వచ్చి అతని చేతికి అప్పజెప్పింది.

"మందులు వేళకియ్యుండ్రి అన్న. రాజకుమారి గారు జర మరుస్తరు."

"ఉదయా," అన్నాను.

"చెప్పండమ్మా," అంది.

నన్ను ఆటోలో కూర్చోబెట్టారు. ఆటో తిరుగుతుంటే మా ముందుగది కిటికీ కనబడింది. మంచం మీద దుప్పటి కింద ఎవరో పడుకుని ఉన్నారు. భాగ్యశ్రీ వంగి అడుగుతోంది. మీ పేరేందమ్మా?

జవాబు తడుముకోకుండా వచ్చింది.

"వేదవతి."

నా గొంతే. పిల్లలు చప్పట్లు కొట్టారు.

ఇప్పుడు ముషీరాబాద్‌లో ఉన్నాను. గురువారం దాటిపోయింది. ఆ మంచం మీది ఆమె డాక్టరుకు అన్నీ సరిగ్గానే చెప్పి ఉంటుంది. ఇక్కడివాళ్లు మంచివాళ్లే. నన్ను ఎవరూ ఏమీ అడగరు. ఆటో దిగిన తర్వాత నాతో మాట్లాడింది కూడా లేదు.

మధ్యాహ్నం వంట కాగానే ఒక విస్తరిలో అన్నీ వడ్డించి, మేడ మీది పిట్టగోడపై పెడతారు. ఇంటిల్లిపాదీ వచ్చి నిలబడతారు. వాళ్ల వెనక నేనూ నిలబడతాను. కాకి వచ్చేదాకా ఎవరూ మాట్లాడరు. కాకి ముట్టగానే బాలకిషన్ చేతులు జోడిస్తాడు. అమ్మ తిన్నది, అంటాడు. అందరూ కళ్లు తుడుచుకుని భోజనాలకు కిందికి దిగుతారు.

నాకు ఎవరూ కంచం పెట్టరు. ఆకలీ వేయదు.

ఇవాళ వంకాయ కూరలో ఉప్పు తక్కువైంది.