క్లచ్ లేని కారు

మిట్టమధ్యాహ్నం... మనిషి నీడ మనిషి కాళ్ల కిందే నలిగిపోయే వేళ! ఆకాశంలో మబ్బుతునక లేదు. అయినా దిగంతాల అవతల ఎక్కడో ఒక ఉరుము గొంతు సవరించుకుంది. ఊరి చివర తుప్పుపట్టిన రేకుల కంచె వెనక, అమ్మకానికి పెట్టిన పాత కార్లు బారులు తీరి ఉన్నాయి. కంచె మీద, పట్టపగలే, ఒక గుడ్లగూబ రెప్ప వాల్చకుండా కూర్చుని ఉంది...

నర్సు దాన్ని చూసింది కానీ పట్టించుకోలేదు. పొద్దున్నే లేచి ముగ్గురు రోగుల ఇళ్లకు తిరిగి, రెండు బస్సులు మారి వచ్చిన మనిషి. ఇరవై రెండేళ్లుగా ఆమె పని ఒక్కటే. ఇక చేయగలిగిందేమీ లేదని ఆసుపత్రులు ఇంటికి పంపేసిన వాళ్లను చివరిదాకా చూసుకోవడం. పుండ్లు కడగాలి, పక్క మార్చాలి, ప్రాణం పోయాక ఒళ్లు తుడిచి, కళ్లు మూసి, శుభ్రమైన బట్ట కప్పి ఇంటివాళ్లకు అప్పగించాలి. ఎందరి ఇళ్ల మెట్లో ఎక్కి దిగి ఎడమ మోకాలు అరిగిపోయింది. క్లచ్ తొక్కే కారు జోలికి పోవద్దన్నాడు డాక్టరు. గేర్లు తనంతట తనే మార్చుకునే బండి, ఎంత పాతదైనా సరే, ఒకటి దొరికితే చాలనుకుంది.

"ఇదొకటి ఉందమ్మా," అన్నాడు కార్ల వ్యాపారి, బూడిదరంగు కారు బానెట్ మీద చెయ్యి వేసి. "పద్దెనిమిదేళ్ల బండి. ఊళ్లో తిరగడానికి ఇంతకంటే ఏం కావాలి? కుడికాలొక్కటి పనిచేస్తే చాలు."

"ఇంత చవగ్గా ఎందుకిస్తున్నారు?"

"ఆటోమేటిక్ పాతబడితే ఎవరూ కొనరు. గేర్‌బాక్సు పోతే బాగుచేయించలేమని భయం."

మాట సబబుగానే ఉంది. మనిషే ఏదోలా ఉన్నాడు. ముఖం చూస్తే నలభై దాటవు. చేతులు మాత్రం ముడతలుపడి, నరాలు పైకి తేలి, ఎవరో ముసలాయన చేతులు అరువు తెచ్చుకున్నట్టున్నాయి. ఆమె స్టీరింగు ముందు కూర్చుని లివర్‌ను 'డి'లోకి లాగి, బ్రేకు మీంచి కాలు తీసింది. కారు మెత్తగా ముందుకు పాకింది. మోకాలికి ఏ నొప్పీ తెలియలేదు. ఆ ఒక్క సుఖానికే ఆమె కొనేసింది.

తాళంచెవి విరిగిన అంచు ఆమె బొటనవేలికి గుచ్చుకుని నెత్తుటి చుక్క ఉబికింది. అతను తన చేతిరుమాలుతో దాన్ని అద్ది, రుమాలును మడతపెట్టి భద్రంగా జేబులో పెట్టుకున్నాడు.

"రేపొకసారి తీసుకురండి. ఆయిలు మార్చిస్తాను, ఊరికే."

మర్నాడు తీసుకెళ్లింది. ఒక గంట బండిని లోపల ఉంచుకుని తిరిగిచ్చాడు. ఆ రోజు నుంచే ఆమెను నీరసం పట్టుకుంది.

అది ఆమెకు అలవాటైన అలసట కాదు. పని చేసి అలసిన ఒళ్లు పడుకుంటే తేరుకుంటుంది. ఇది పడుకున్నకొద్దీ లోతుకు దిగేది. రోగికీ రోగికీ మధ్య కారు చెట్టు నీడన ఆపి పావుగంట కునుకు తీస్తే, లేచేసరికి వారం రోజులు రాళ్లు మోసినట్టుండేది. నెల తిరిగేసరికి జుట్టు ముగ్గుబుట్టయింది. బుగ్గలు లోపలికి పోయాయి. అద్దంలో చూసుకుంటే వెనక సీట్లో ఎవరో తల వాల్చుకుని కూర్చున్నట్టుండేది... తిరిగి చూస్తే శూన్యం!

"ఏమే, ఆ కారు నువ్వు నడుపుతున్నావా, అది నిన్ను నడుపుతోందా?" అని అడిగింది అక్క. బడిపంతులమ్మగా పనిచేసి రిటైరైన మనిషి. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటారు. "నాకంటే ఆరేళ్లు చిన్నదానివి. నిన్న పాలవాడు నిన్ను నాకు అమ్మవనుకున్నాడు."

నర్సు నవ్వబోయి ఊరుకుంది. దానికీ ఓపిక కావాలి కదా.

ఆ సాయంత్రమే జరిగింది. బయట కారుమేఘాలు కమ్ముకుని, మెరుపులు కిటికీ అద్దాలను చీలుస్తున్నాయి. అక్క రెండు కప్పుల్లో టీ పోసి వెనక్కి తిరిగింది. నర్సు భోజనాల బల్ల ముందు నిటారుగా కూర్చుని, కనిపించని స్టీరింగును రెండు చేతులా తిప్పుతోంది. కనుగుడ్లు పైకి తేలిపోయాయి. దవడలు బిగుసుకుపోయాయి. ఆ బిగిసిన పళ్ల సందుల్లోంచి, ఆమెది కాని గొంతు... ఎవరో పెద్దావిడ గొంతు... ఈడ్చుకుంటూ వచ్చింది.

"దింపండి... ఎంతసేపు తిప్పుతారు నన్ను... దింపండి..."

అక్క చేతిలో కప్పు జారిపోయింది. చెల్లెలి భుజాలు పట్టుకుని ఊపింది. చన్నీళ్లు కొట్టింది. తెలివొచ్చాక నర్సు అడిగిన మొదటి మాట, "ఎవరక్కా ఆవిడ?"

"అది నేనడగాలే నిన్ను," అంది అక్క. "రేపు పొద్దున్నే ఆ బండిని మెకానిక్‌కి చూపించు. లేకపోతే నేనే దాన్ని తగలబెడతాను."

మెకానిక్ ముందు ఇంజను చూశాడు. గేర్‌బాక్సు ఆయిలు వాసన చూసి ముఖం చిట్లించాడు. చివరికి డిక్కీలో స్టెపినీ టైరు తీసి, దాని కిందున్న రేకును ఉలితో లేపాడు. లేపినవాడు లేపినట్టే రెండడుగులు వెనక్కి వేశాడు.

రేకు కింద ఒక పుర్రె! నుదుటి మీద నల్లటి గీతలతో ఏదో తాంత్రిక యంత్రం గీసి ఉంది. కింది దవడను పైదవడకు బిగించి రాగితీగ చుట్టలు చుట్టలుగా కట్టి ఉంది. కంటిగుంటల్లో నెత్తుటి మరకల చేతిరుమాళ్లు కుక్కి ఉన్నాయి. అన్నిటికంటే పైనున్నది ఇంకా తెల్లగా ఉంది.

"సిస్టర్, దీన్ని నేను ముట్టను," అన్నాడు మెకానిక్. "ఈ బండి కొత్తలో నేను మా నాన్న షెడ్డులో పనిచేసేవాణ్ణి. దీన్ని అప్పటి ఓనరు భార్య నడిపేది. మంచావిడ. ఆర్నెల్లలో పోయింది. ఏ జబ్బూ లేదు, అలసిపోయిందన్నారు. ఆ తర్వాత కొన్నవాళ్లూ అంతే. బండి మాత్రం మళ్లీ ఆయన దగ్గరికే చేరుతుంది."

"ఆయనంటే?"

"ఆ వ్యాపారే. అప్పట్లో ఆయనకి డెబ్బై ఏళ్లు. కర్ర పట్టుకుని నడిచేవాడు. ఇప్పుడెలా ఉన్నాడో మీరు చూశారుగా. వ్యాయామం చేస్తున్నాడేమో అనుకునేవాళ్లం."

నర్సు పుర్రె మీదికి వంగింది. భయం రాలేదు. వచ్చిందల్లా జాలి. ఎన్ని మంచాల పక్కన కూర్చుందో ఆమె, ఇంత నలిగిపోయిన ముఖాన్ని ఎన్నడూ చూడలేదు. పుర్రెను రెండు చేతులతో ఎత్తి, పక్కసీట్లో తన తువ్వాలు పరిచి దాని మీద పెట్టింది.

"ఎక్కడికి సిస్టర్?"

"వాళ్లాయన దగ్గరికి."

'డి'లో పెట్టింది. ఇంజను ఏడ్చింది కానీ బండి కదల్లేదు. "నిన్ను దింపడానికేనమ్మా," అంది నర్సు నెమ్మదిగా. "ఇదొక్కసారి పద." కారు కదిలింది.

ఆమె వెళ్లేసరికి ఆకాశం కాటుకలా ఉంది. మధ్యాహ్నమే చీకటి ముసిరింది. ప్రచండ ఝంఝామారుతం రేకుల కంచెను ఊడబెరుకుతోంది. వెనకగదిలో బూడిదతో గీసిన వలయం మధ్య కూర్చున్న వ్యాపారి, ఆ క్షుద్రోపాసకుడు, మంత్రం మధ్యలో ఆపి తల ఎత్తాడు. తన బానిస స్థానం తప్పిందని అతనికి తెలిసిపోయింది. బయటికి వచ్చాడు.

నర్సు కుళాయి దగ్గర నేల మీద కూర్చుని ఉంది. బకెట్లో నీళ్లు పట్టింది. కంటిగుంటల్లోని రుమాళ్లు తీసి పక్కన పెట్టింది. తడి దూదితో నుదుటి మీది నల్లగీతలు తుడుస్తోంది.

"దాన్ని కింద పెట్టు," అన్నాడతను.

"మురికిగా ఉందండీ. కడగాలి."

"నీ నెత్తురు నా దగ్గరుంది. నీ ఆయువు నా గుప్పిట్లో ఉంది. నీ ఎముకలు పిండి చేస్తాను..."

అతని పెదవులు కదిలాయి. బీజాక్షరాలు కొరడాదెబ్బల్లా గాలిని చీల్చాయి. బారులు తీరిన కార్లన్నీ ఒక్కసారిగా దీపాలు వెలిగించి, దిక్కులు పిక్కటిల్లేలా హారన్లు మోగించాయి! నర్సు గుండెలో ఏదో దారం పట్టి లాగినట్టయింది. చూపు మసకబారింది. వేళ్లు కొయ్యబారాయి. అయినా వాటికి పని తెలుసు. ఒళ్లు సోలిపోతున్నా ఆగకుండా చేసిన పని అది, ఇరవై రెండేళ్లుగా. రాగితీగ కొస దొరికింది. ఒక చుట్టు... రెండో చుట్టు... మూడోది...

"ఆ తీగ ముట్టుకోకు!" మొదటిసారి అతని గొంతులో భయం.

చివరి చుట్టు ఊడింది. దవడ కిందికి వాలింది. హారన్లు ఆగిపోయాయి. గాలి ఆగింది. పుర్రె లోపలి నుంచి ఒక గొంతు వచ్చింది. శాపం కాదు, కేక కాదు. పొద్దంతా వంటింట్లో నిలబడి కాళ్లు లాగుతున్న ఇల్లాలు మొగుణ్ణి పిలిచే పిలుపు.

"ఏమండీ..."

అతను గిలగిలలాడాడు. చెవులు మూసుకున్నాడు. అతని మంత్రాలన్నీ ఆమె నోరు కట్టెయ్యడానికే. తెరుచుకున్న నోటికి అడ్డుపడే మంత్రం అతని దగ్గర ఒక్కటీ లేదు.

"చాలా దూరం తిరిగాను. ఇంక రండి, పోదాం."

దొంగిలించిన ఏళ్లన్నీ అతని ఒంట్లోంచి దిగిపోయాయి. జుట్టు రాలింది. వెన్ను వంగింది. ముఖం ముడుచుకుని ఆ చేతులకు సరిపోయేంత ముసలిదైంది. రాని శ్వాస కోసం ఒకసారి నోరు తెరిచి, నేల మీద ఒరిగిపోయాడు. ఆకాశం బద్దలై వాన కురిసింది.

నర్సు చేతుల్లో పుర్రె తేలికైపోయింది. గుండెలోని లాగుడు ఆగింది. జుట్టు నల్లబడలేదు, మోకాలు బాగుపడలేదు. కానీ ఊపిరి నిండుగా అందింది. పుర్రెను తువ్వాలులో చుట్టి, చూరు కింద తడవనిచోట పెట్టింది. మట్టిలో పెట్టే పని వాన తెరిపిచ్చాక.

ఫోను మోగింది. అక్క.

"ఎక్కడున్నావే? బతికే ఉన్నావా?"

"ఉన్నానక్కా."

"అయిపోయిందా? ఇంటికొస్తున్నావా?"

నర్సు ముసలాయన వైపు చూసింది. కళ్లు తెరిచే ఉన్నాయి, వాననీళ్లు వాటిలో పడుతున్నాయి. సొంతవాళ్లంటూ ఎవరూ మిగల్లేదు ఆయనకి. లేచి, కుంటుకుంటూ వెళ్లి, బకెట్లో నీళ్లు పారబోసి, మళ్లీ కుళాయి కింద పెట్టింది.

"కొంచెం ఆలస్యమవుతుందక్కా," అంది. "ఇంకొకరున్నారు."