తోపుల డిపోలో మందు

ఉదయం ఏడింటికి హనుమంతు శవం పంపు రూము గుమ్మంలో పడి ఉంది. పక్కనే పత్తి చేనుకు కొట్టే పురుగుల మందు డబ్బా.

ఆదిలాబాద్ పొలిమేరలో ఉన్న ఆ జాగాను ఊరంతా తోపుల డిపో అంటారు. సైన్యం తన ఫిరంగులూ గుండ్లూ సర్దుకుని వెళ్లిపోయి ఆరేళ్లయింది. ఇప్పుడక్కడ ఆడపిల్లల హాస్టల్ లేచింది. దసరా సెలవులు కాగానే జైనూర్ నుంచి పిల్లలు దిగుతారు. హనుమంతు, అతని భార్య శంకరవ్వ ఏడాదిగా అక్కడే కాపలా ఉంటున్నారు.

"సూసైడ్ మేడం," అన్నాడు హెడ్ కానిస్టేబుల్ రాజేశం. "రాత్రి పెండ్లాంతోని లొల్లి అయిందట. మందు తాగిండు. కేసు సాఫ్."

రాజేశానికి ఏ కేసయినా టిఫిన్ వేళకల్లా సాఫ్ కావాలి.

ఎస్సై మమతారాణి గ్లౌజు తొడుక్కుని డబ్బా ఎత్తింది. సగం ఖాళీ. మూత గట్టిగా బిగించి ఉంది.

"పానం పోయేటోడు మూత బిగిస్తడా రాజేశం?"



శంకరవ్వ గోడకు ఆనుకుని కూర్చుంది. ఏడ్చి ఏడ్చి కళ్లు ఉబ్బాయి.

"ఏమైందక్కా?"

"ఆయనకు నెల సంది కామెర్లు మేడం. గీ జాగ మనకు అచ్చిరాలే, పోదాం పా అన్న. నౌకరి యాడ దొర్కుతది అన్నడు. నువ్వు మొగోనివేనా అన్న." ఆమె పసుపు పూసినట్టున్న చేతులతో కొంగు నోట్లో కుక్కుకుంది. "గా మాటకే తాగిండా మేడం? నాకు గదొక్కటి చెప్పుండ్రి."

"పొద్దుగాల ఏమన్నడు?"

"మందే, గా మందే నా పానం తీస్తున్నది అనుకుంట చీకట్లనే ఇటు వచ్చిండు."

"తాగుడు అలవాటుందా?"

"చుక్క ముట్టడు."

హాస్టల్ కట్టిన కాంట్రాక్టర్ శ్యాంసుందర్ కారు దిగాడు. చేతిలో కొనుక్కున్న నీళ్ల సీసా.

"మీరు ఎప్పుడొచ్చిన్రు ఇక్కడికి?"

"ఇప్పుడే మేడం. వారం సంది ఇటు రాలే."

మమతారాణి తల ఊపి ఊరుకుంది. బయట హాస్టల్ వెనక మొరం మట్టి పోసి చదును చేసిన నేల కనిపించింది. ఆ ఏడాది వానలు దంచి కొట్టాయి. చుట్టూ మోకాలెత్తు గడ్డి. ఆ నేల మీద మాత్రం ఒక్క పరక మొలవలేదు. ఆమెకు అక్కడ నిలబడాలనిపించలేదు.

పోస్టుమార్టం రిపోర్టు, వేలిముద్రల రిపోర్టు వచ్చేసరికి హనుమంతు దినాలు కూడా అయిపోయాయి. కడుపులో పురుగుల మందు లేదు. లివర్ పూర్తిగా పాడైంది. రిపోర్టుతో వచ్చిన ఫోటోల్లో అరచేతులు పసుపు పచ్చగా ఉన్నాయి. అవి చూడగానే మమతారాణికి ఒక అనుమానం పుట్టింది. మర్నాడే పిల్లలు వస్తారు. పిల్లలు దిగే రోజు పొద్దున్నే డిపోకు వెళ్లి, బోరు నీళ్లు రెండు గాజు సీసాల్లో పట్టింది. ఒకటి రూములో పెట్టింది. ఒకటి జీపు బానెట్ మీద, ఎండలో.

మధ్యాహ్నం అందరినీ పంపు రూము దగ్గరికి పిలిచింది.

"శంకరవ్వక్కా, చేతులు చూపియ్యి."

శంకరవ్వ చేతులు చాచింది. అరచేతులు పసుపు పచ్చగా ఉన్నాయి.

"పసుపు పెట్టుకున్నవా?"

"నాకింక పసుపేంది మేడం? ఎంత రుద్దినా పోతలేదు. ఆయన చేతులు సుత గిట్లనే ఉండె."

మమతారాణి రాజేశం వైపు తిరిగింది. "మొగోని చేతులు పచ్చవడితే కామెర్లు అనుకున్నం. ఆడామె చేతులైతే పసుపనుకున్నం. నేను సుత అట్లనే చూసి వదిలేసిన. ఇద్దరికీ కల్సింది ఒక్కటే. గీ బోరు నీళ్లు."

ఆమె రెండు సీసాలూ పక్కపక్కన పెట్టింది. రూములోనివి తేటగా ఉన్నాయి. ఎండలోనివి గులాబి రంగుకు తిరిగాయి.

"మందంటే మీకు పురుగుల మందే గుర్తొచ్చింది రాజేశం. హనుమంతు చెప్పింది తోపు గుండ్లల్ల నింపే పేలుడు మందు. అది నీళ్లల్ల కలిస్తే ఎండకు గిట్లనే రంగు మారుతది. శ్యాంసుందర్ గారూ, మొరం కింద ఏమున్నది?"

"నాకేం తెలుసు?"

"డబ్బా మూత మీద, ఆ పొద్దు మీరు పారేసిన నీళ్ల సీసా మీద ఒక్కటే వేలిముద్రలున్నయి. వారం సంది రాలేదంటిరి."

శ్యాంసుందర్ మొరం నేల వైపు చూశాడు.

"తోపు గుండ్లు కడిగిన నీళ్లు ఇంకిన గుంత మేడం," అన్నాడు. "కాంట్రాక్టు ప్రకారం మన్నంతా తోడి పారేయాలె. పైసలు మిగుల్తయని నేను మొరం కప్పిచ్చిన. అప్పుడు హనుమంతు చూసిండు. ఆ పొద్దు ఫోన్ చేసి, పంపు బంద్ జేస్తున్న, పిల్లలను రానియ్య అన్నడు. నేను వచ్చేసరికే సచ్చి ఉన్నడు. నేను సంపలే. డబ్బా ఒక్కటే పెట్టిన."

"ఇంకెట్ల సంపుతరు?" అంది మమతారాణి.

రాజేశం అతని రెక్క పట్టుకున్నాడు. మమతారాణి జైనూర్‌కు ఫోన్ చేసి బస్సు ఆపించింది. పంపు రూముకు సీల్ వేయించింది.

శంకరవ్వ ఆమె దగ్గరికి వచ్చింది.

"అంటే ఆయన నా మాటకు సావలే?"

"లేదక్కా. నీ మాటకు కాదు."

ఇన్ని రోజుల్లో మొదటిసారి ఆమె ముఖం తేటపడింది. తర్వాత ఆమె చూపు గులాబి రంగు సీసా మీద పడి అక్కడే ఆగిపోయింది.

"కామెర్లకు నీళ్లు మస్తు తాపాలె అన్నరు మేడం," అంది మెల్లగా. "ఆయన వద్దు వద్దంటనే ఉండె. తల పట్టుకొని, చెంబు నోటికి పెట్టి, నేనే తాపిన."