నలభై ఎనిమిది శేర్ల కోడలు

"బిడ్డను ఇటియ్యి! నువ్వు మీ నిడమనూరుకు పో!"

అత్త సాలమ్మ అరుపుకు దుర్గమ్మ చంకలో ఉన్న ఏడాది పిల్ల ఉలిక్కిపడి ఏడుపందుకుంది. పోలీసు యాక్షన్ అయిన మరుసటి ఏడు. ఆత్మకూరులో వాళ్ల గొర్రెల ఉన్ని కత్తిరింపు ఆ పొద్దే ముగిసింది. ఉన్ని కొనడానికి వచ్చిన సావుకారి దూలానికి కాంటా వేలాడదీస్తే, పని అయ్యాక సాలమ్మ తప్ప ఆడవాళ్లంతా సరదాగా ఎక్కి తూగారు. పెద్దకోడలు సత్తమ్మ అరవై రెండు శేర్లు, అంటే దాదాపు యాభై ఎనిమిది కిలోలు. చిన్నకోడలు దుర్గమ్మ నలభై ఎనిమిది! అంతే... నవ్వులాట కాస్తా పంచాయితీ అయింది.

సాలమ్మ గొర్రె వెన్నుపూస మీద రెండు వేళ్లు నొక్కి, అది బతికేదో చచ్చేదో చెప్పేస్తుంది. ఎముక తగిలితే మందలోంచి వేరు చేయిస్తుంది. కోడలి వీపూ అలాగే నొక్కింది.

"బొక్కలే తగులుతున్నయ్‌రా ఐలయ్యా! క్షయనే ఇది. పిల్లకు అంటుకుంటే ఎట్ల?"

చిన్నకొడుకు ఐలయ్య భార్య వంక చూశాడు, తల్లి వంక చూశాడు, చివరికి గొర్రెల వంక చూశాడు. అవైతే ఏమీ అడగవు.

"నీ కాళ్లు మొక్కుత అత్తా! ఒక్కసారి దవాఖానల సూపియ్యి. రోగమంటే నేనే పోత... పిల్లను సుత అడగ..." దుర్గమ్మ పిల్లను మరింత దగ్గరికి హత్తుకుంది.

మర్నాడు బండి కట్టుకొని సూర్యాపేట వెళ్లారు. డాక్టరు ఊపిరి పరీక్షించి, జబ్బేమీ లేదన్నాడు. సాలమ్మ నమ్మితేనా! అక్కడి నర్సమ్మ కోదాడ మనిషి. తూకం పంచాయితీ అంతా విని, దుర్గమ్మను దవాఖాన కాంటా ఎక్కించింది, మళ్లీ నలభై ఎనిమిదే. తర్వాత గోడకు నిలబెట్టి, తల మీద చెక్క ఆనించి గీత గీసింది.

"నాలుగడుగుల పదంగుళాలు. ఈ ఎత్తుకి నలభై ఐదు నుంచి యాభై ఐదు శేర్ల దాకా ఉంటే చాలు పెద్దమ్మా. పొడుగు కోడలితో పోల్చి పొట్టి కోడల్ని తూస్తే ఎలాగండీ?"

"నీ కాంటానే ఖరాబైంది! జర జరుగు, నేనెక్కుత. నాకైతే ఏ రోగం లేదు, సూడు!"

ఎక్కింది. ఐదడుగుల ఆరంగుళాల మనిషి. నర్సమ్మ రెండుసార్లు లెక్క కట్టింది. నలభై నాలుగు శేర్లు!

"మీరు అరవై దాకా ఉండాలి. అసలు తింటున్నారా?"

"కడుపునిండ తింట!"

దుర్గమ్మకు ఒక్కసారిగా గుర్తొచ్చింది. రజాకార్ల గొడవల ఏడు, గింజ దొరకని రోజుల్లో, అత్త అందరి తర్వాత గోడ వైపు తిరిగి కూర్చునేది. గరిటె కుండ అడుగున గీరిన చప్పుడు వినిపించేది. తింటోందనుకున్నారంతా. గొడవలు పోయాయి, గింజలొచ్చాయి, ఆ చప్పుడు మాత్రం ఇప్పటికీ... కుండలో ఏమన్నా మిగిలుంటే గరిటె అట్లా గీరుతుందా!

"అత్తా... నాకు రోజూ ఏసే రెండో ముద్ద నీదా?"

సాలమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నువ్వు కడుపుతోని ఉన్నప్పటి సంది అలవాటైంది బిడ్డా... నా వంతు సుత నువ్వే తిని ఇంత బక్కగున్నవంటే, ఇగ రోగమే అనుకున్న!"

ఇల్లు చేరేసరికి పొద్దు వాలింది. దుర్గమ్మ జొన్న గటక కుండ తెచ్చి ముందు అత్తకే వడ్డించింది.

"ఇంటోళ్లు తినకముందు నేనా! నవ్విపోతరు!"

దుర్గమ్మ రెండు వేళ్లు అత్త వెన్నుపూస మీద ఆనించింది. నొక్కలేదు.

"బొక్కలే తగులుతున్నయ్ అత్తా. మందల నుంచి ఏరు చేయాల్నా మరి?"

సాలమ్మ ఏడుస్తూ నవ్వింది, నవ్వుతూ ముద్ద నోట్లో పెట్టుకుంది. ఐలయ్య ఈసారి గొర్రెల వంక చూడలేదు. నీళ్ల చెంబు తల్లి పక్కకు జరిపి, ఆమె రెండో ముద్ద తినేదాకా అక్కడే కూర్చున్నాడు.