వెనక సీటు మెకానిక్

ఆ సరస్సులో ఉత్తరపు మలుపు పేరెత్తితే చాలు, ఎంత మొనగాడైన పడవవాడైనా మాట మార్చేస్తాడు. చీకటి పడ్డాక అక్కడ పడవ ఆపితే, అడుగునుంచి ఎవరో తలుపు తట్టినట్టు చప్పుడట. టక్... టక్... ఒకసారి విన్నవాడు మళ్లీ అటు తిరిగి చూడడు. ఒకాయన ఏకంగా పడవ అమ్మేసి సైకిళ్ల కొట్టు పెట్టుకున్నాడు.

అలాంటి చోటికి, కోరి కోరి, రాత్రిపూట వెళ్లింది ఒకావిడ.

నీళ్లలో మునిగినవాటిని యంత్రంతో వెతకడం ఆవిడ పని. పగలైతే మోటారు పడవల అలజడికి యంత్రం తెర మీద బొమ్మ చెదిరిపోతుంది. అందుకే రాత్రి. కానీ ఈసారి పని ఎవరూ పురమాయించింది కాదు. కర్రా గుడ్డా కలిపి విమానాలు కట్టే రోజుల్లో, ఒక విమానం ఆ సరస్సు మీది పొగమంచులోకి వెళ్లి తిరిగి రాలేదు. ముందు సీట్లో పైలట్, వెనక సీట్లో మెకానిక్. ఆ మెకానిక్ ఈవిడకి తాత, అమ్మకి నాన్న.

ఊరు ఊరుకుంటుందా! మెకానిక్ అసలు విమానం ఎక్కనేలేదంది. ఇంజను సరిగ్గా బిగించకుండా పైలట్‌ని చావుకి పంపి, తను పరారయ్యాడంది. అప్పటికి కడుపులో ఉన్న కూతురు ఆ నింద నెత్తిన పెట్టుకునే పుట్టింది, పెరిగింది, ముసలిదైంది. ఇప్పుడు మంచాన పడి కూడా ఒకటే మాట — "మా నాన్న అందులో ఉన్నాడా, లేడా? అది తేల్చు తల్లీ."

"పోదామా అమ్మాయ్?" పడవ నడిపే సరంగు గొంతు తగ్గించి అడిగాడు. "బురద తప్ప ఏమీ లేదుగా."

"ఇంకొక్క చుట్టు, బాబాయ్."

అప్పుడు వినిపించింది... సరిగ్గా కాళ్ల కింద... టక్.

సరంగు చేతిలో టీ ఒలికింది. "దుంగేదో తగిలుంటుందిలే," అన్నాడు, తనకే నమ్మకం లేకుండా.

ఆవిడకి చప్పున తాత సంగతి గుర్తొచ్చింది. ఆ కాలపు విమానాల్లో ఇంజను మోతకి మాట వినపడేది కాదు. వెనకున్న మెకానిక్, పైలట్ వీపుకి తగిలే చెక్క మీద కొట్టి చెప్పేవాడు — ఒకటైతే కుడికి, రెండైతే ఎడమకి, గబగబా కొడితే కిందికి దిగమని. అమ్మమ్మ అమ్మకి చెప్పింది, అమ్మ తనకి చెప్పింది. బయటివాళ్లెవరికీ తెలీదు.

"కుడికి తిప్పు, బాబాయ్."

తిప్పాడు. కాసేపు ఏమీ లేదు... తర్వాత, టక్ — టక్.

"ఎడమకి."

"ఎవరు చెప్తున్నారమ్మా నీకు?" చుక్కాని తిప్పుతూనే అడిగాడు సరంగు.

ఆవిడ తెర మీంచి కళ్లు తిప్పలేదు. పడవ ఇంకాస్త సాగింది... ఉన్నట్టుండి పడవ అడుగంతా గబగబా కొట్టినట్టు దడదడలాడింది. అంతే, చప్పుడు ఆగిపోయింది.

తెర మీద, బురదలోంచి పొడుచుకొచ్చి — ఒక రెక్క.

తెల్లవారాక, ఆవిడ పిలిపించిన గజ ఈతగాడు నీళ్లలోకి దిగాడు. ఎంతకీ రాడు. ఆవిడ పడవ అంచు పట్టుకుని నీళ్లకేసే చూస్తోంది. చివరికి తేలాడు. ఆవిడ ముఖంలోకి చూడలేకపోయాడు.

"వెనక సీటు ఖాళీ, అక్కా."

అయితే ఊరన్నదే నిజమా? అమ్మ దగ్గరికి ఏ ముఖం పెట్టుకుని వెళ్లాలి? ఏడుపు ఆపుకోవడం ఆవిడ వల్ల కాలేదు.

"పూర్తిగా విను..." అతని పళ్లు చలికి కొట్టుకుంటున్నాయి. "ముందు సీటు మీదికి ఇంజను వచ్చి పడింది. పైలట్ కాళ్లు దాని కింద ఇరుక్కున్నాయి. ఇన్నేళ్లకి మనిషి ఏం మిగుల్తాడు... తోలు బూట్లే మిగిలాయి. కానీ అక్కా — ఆ ఒక్క సీట్లో నాలుగు బూట్లున్నాయి."

"నాలుగేమిట్రా?" అన్నాడు సరంగు.

"వెనకాయన ఈదుకుంటూ పైకి రాలేదు, బాబాయ్. ముందుకి వెళ్లాడు... పైలట్‌ని లాగడానికి."

ఆవిడ ఫోన్ తీసింది. అవతల అమ్మ 'హలో' అనేదాకా కూడా ఆగలేకపోయింది.

"ఉన్నాడమ్మా... తాతయ్య అందులోనే ఉన్నాడు."