కూతల కోత

పొద్దుగూకితే కూతల కోతలోకి కుక్క కూడా పోదని ఆ చుట్టుపక్కల ఊళ్లలో చెప్పుకొనేవారు. రాయచోటి వైపు, రైలు పట్టాల కోసం ఒకప్పుడు కొండను నిలువునా చీల్చిన సందు అది. కొండ పగలగొట్టేటప్పుడు రాళ్ల కింద పడిపోయిన కూలీలు చీకటి పడ్డాక ఒకరినొకరు కేకేసుకుంటారట... అందుకే ఆ పేరు.

యుద్ధకాలంలో పట్టాలు పీకి తీసుకొనిపోయారు. మిగిలిన కంకర కట్ట మీద కంప మొలిచింది.

శ్రమదానం అనే మాట ఊళ్లలో కొత్తగా వినబడుతున్న రోజుల్లో, నరసన్న అనే రైతు ఆ కట్టను కాలిబాటగా మార్చాలని పూనుకొన్నాడు. కొండకు ఇవతలి ఊరివాళ్లూ అవతలి ఊరివాళ్లూ కలిసి కంప కొట్టారు, గుంతలు పూడ్చారు, రెండు పక్కలా కానుగ మొక్కలు నాటారు. బాట సాగితే ఆసుపత్రికి కొండ చుట్టి పోయే బాధ తప్పుతుంది. అయితే కట్ట పక్కన చేను ఉన్న ఆసామి ఒకడు, ఉగాదిలోగా జనం నడవకపోతే కంచె వేసి కట్టను తన చేలో కలుపుకుంటానని నలుగురిలో చెప్పేశాడు.

అంతా పూర్తయింది, కోత తప్ప. అక్కడ మొక్కలైతే పట్టపగలే గబగబా నాటి వచ్చారు గాని, నీళ్లు పోయడానికి మళ్లీ ఎవరూ పోలేదు.

మాఘం దాటి ఎండలు ముదిరాయి. ఆ మొక్కలు వాడలేదు. తెల్లవారి చూస్తే పాదుల్లో తడి... చచ్చినవాళ్లే నీళ్లు పోస్తున్నారని పుకారు పుట్టింది. దాంతో పగటిపూట పనికి వచ్చేవాళ్లు కూడా పార కింద పెట్టేశారు.

బాట చేజారిపోతున్నదని నరసన్నకు అర్థమైంది. ఒక సాయంత్రం, చీకటి పడుతుండగా, లాంతరు పట్టుకొని ఒంటరిగా కోతలోకి నడిచాడు. ఇక్కడి నుంచి నేను చెప్పేది అతని నోట విన్నదే.

రాతిగోడల నడుమ గాలి ఒక్కసారి ఈడ్చి కొట్టింది. లాంతరు ఆరిపోయింది.

కొంచెం ముందర... నీళ్లు ఒంపిన చప్పుడు.

"ఎవరది?" అన్నాడు. చప్పుడు ఆగిపోయింది. "ఎవరప్పా అది?" అన్నాడు మళ్లీ. చెవులు రిక్కించాడు.

అప్పుడు చీకట్లో నుంచి, మెల్లగా — "నరసన్నా..."

రాత్రిపూట పేరు పెట్టి పిలిస్తే మూడోసారి దాకా పలకరాదని, దెయ్యం మూడోసారి పిలవజాలదని, మనలో ఎవరికి తెలియదు? అతడు పళ్లు బిగబట్టాడు. "నరసన్నా..." రెండోసారి. మూడో పిలుపు కోసం ఊపిరి ఆపి నిలుచున్నాడు. అది రాలేదు.

వెనక్కి వేసిన అడుగు కింద కంపముల్లు దిగింది. "ఓయమ్మా" అని కూలబడ్డాడు.

తర్వాత ఆ గొంతే, అనుమానంగా — "దెయ్యానికి ముల్లు గుచ్చుకుంటాదా?"

అవతలి ఊరి తిరుపతమ్మ. పగలంతా కూలికి పోయి, సందెవేళ కడవతో వచ్చి, ఇంట్లో వద్దంటారని ఎవరికీ చెప్పకుండా మొక్కలకు నీళ్లు పోసిపోయే మనిషి.

తొలి కేకకే ఎందుకు పలకలేదని అతడు నిష్ఠూరమాడాడు. ఆమె అంతకంటె నిష్ఠూరంగా అంది: "నువ్వు రెండుసార్లు పిలిచి నోరు మూసుకుంటివి. మూడోసారి పిలిచింటే పలకనా? ఎరిగిన గొంతులే ఎత్తుకుంటాయంట గదప్పా అవి."

ఆ రాత్రికి రెండూళ్లూ కడుపు పట్టుకొని నవ్వాయి. మనిషి భయాన్ని తర్కం కదిలించలేని చోట నవ్వు ఎంత సులువుగా కదిలిస్తుందో అని నేను చాలాసార్లు అనుకొన్నాను. ఉగాదికి ముందే కోత శుభ్రమైంది. పండుగనాడు జనం బారులు తీరి నడిచారు. ఆసామి కూడా కొత్త పంచె కట్టుకొని వాళ్ల వెనకే నడిచాడు. అప్పటినుంచి చీకట్లో ఎవరు ఎదురుపడినా మూడుసార్లు పిలవడం, మూడోదానికే పలకడం ఆ బాటలో మర్యాద అయింది.

వైశాఖంలో ఒక సాయంత్రం నరసన్న అటుగా వస్తుంటే మళ్లీ నీళ్ల చప్పుడు. "ఎవరప్పా?" అన్నాడు.

"ఊఁ... పోస్తాండా, పో" — మొదటి పిలుపుకే.

మర్యాద తప్పితివేమక్కా అని నవ్వుకొంటూ ఇల్లు చేరాడు. తిరుపతమ్మ నాలుగు రోజులుగా రాజంపేటలో కూతురి ఇంట్లో ఉందని మరునాడు తెలిసింది. పోయి చూస్తే పాదులన్నీ తడిగా ఉన్నాయి.

పనివాళ్లందరూ పాదుల చుట్టూ చేరారు. రెండూళ్లలోనూ వాకబు చేశారు. పోసింది నేనని ఎవరూ అనలేదు. చివరికి వాళ్లలో పెద్దవాడు సుంకప్ప పార భుజాన వేసుకొని లేచాడు.

"ఎవరైతే ఏమప్పా, కొండ కొట్టి బాట వేసినోడికి బాట మీద పాణం ఉండదా? పేరడిగి మన శ్రమదానం సంఘంలో చేర్చుకోండి."

నీళ్లు ఇప్పటికీ పడుతున్నాయి. పేరడగడానికి మాత్రం ఇంతవరకు ఎవరూ పోలేదు.